రాగమ్మకు ఇంగ్లీషు నేర్పిన సంగతి

బయ్యమ్మక్కా, ఇంగొక టీ పొయ్యి. చక్కెర రొంత జాస్తి వెయ్యి. ఇంటికి పోతాలే, పోకుండా యాడికి పోతా. మూడు గంటలకు బెంగుళూరోళ్ళు ఆవును తోలకపోయేదానికి వస్తారని నాకూ తెలుసు, నువ్వు గడియారం సూపించే పని లేదు. వస్తే రానీ. వచ్చి కూసోనీ. మన పద్ధతి నీకు తెలీందేమి కాదు గదా. అమ్మినోడు తన చేత్తో తలుగు విప్పి, ఆ మెడతాడు కొన్నోని చేతిలో పెట్టాల. అంతవరకూ వాడు ఎన్ని నోట్లు ఇచ్చిండినా అది అమ్మకమే కాదు. నా చెయ్యి ఇదో, ఈడ ఉండాది, నీ టీ గలాసు పట్టుకోని. ఇంగ ఆడ ఆవు ఎట్ల కదులుతాది, సెప్పు.

నువ్వూ కూసో ముద్దుకృష్ణా. అంగడికి పోయి ఏం సేస్తావు. దాణా కొనేటోడెవడుండాడు ఈ ఊర్లో? ఆవులన్నీ పోయె. మొదట బడేసాబు కొట్టం ఖాళీ ఆయె, తర్వాత మా తమ్ముడిది, ఆ తర్వాత ఆ వీధంతా. మాది ఒకటే మిగిలింది. అదీ ఈ పొద్దు... సరే, ఆ మాట ఇడుచు. నేను సెప్పొచ్చేది వేరే.

నేను సెప్పొచ్చేది ఏమంటే, మా రాగమ్మకు ఇంగ్లీషు వస్తాది.

నగండి, నగండి. నగేదానికి దుడ్లియ్యక్కర్లేదు. బయ్యమ్మక్క గిన్నె ఎనక మొగం దాపెట్టుకోని నగుతాండాది, నాకు కనపడకుండానా. మొదట్నుంచీ సెప్తా వినండి, ఆ తర్వాత నగాల్నో ఏడవాల్నో మీరే తేల్చుకోండి.

బెంగుళూరు సారు పేరు సుదర్శన్. పోయిన నెల వచ్చి రాగమ్మను సూసిపోయె. మన పుంగనూరు పొట్టావుకు ఇప్పుడు యాడలేని గిరాకీ గదా. పెద్ద పెద్ద ఇండ్లల్లో కుక్కపిల్లను పెంచుకున్నట్ల పెంచుకుంటారంట, పొద్దన్నే లేసి దాని మొగం సూస్తారంట. ఆ సారు మంచోడే, లేనిది సెప్పకూడదు. రాగమ్మ నుదుటి మింద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొనె. గడ్డి ఉండాదా, నీడ ఉండాదా అంటే అన్నీ ఉండాయనె. నేను ఆకరికి ఒకటే అడిగితి: సార్, మీ ఇంట్లో తెలుగు ఎవురికి వస్తాది? ఆయన, నాకే అంతంత మాత్రం, పిల్లోల్లిద్దరికీ ఇంగ్లీషే, ఇంట్లో పనిసేసే ఆయమ్మ అస్సాం నుంచి వచ్చింది, ఆయమ్మతో గూడా ఇంగ్లీషే అనె.

ఆపొద్దు నాకు సంగటి దిగలే. అయిదేండ్లు ఆ ఆవు నా మాట తప్ప ఇంగో మాట విన్లేదు. రా అంటే రావల్ల, పో అంటే పోవల్ల, ఆగమ్మా అంటే ఆగల్ల. ఆడికి పోతే దప్పికైందని ఎవురితో సెప్పుకుంటాది? ఎవురన్నా ఏదన్నా సెప్తే దీనికి ఏం తెలుస్తాది? నోరు లేనిదానికి చెవులు గూడా లేకుండా సేసినట్లు గదా. అందుకని నేర్పితి.

మొదట ఒకే మాట. గెట్ అప్. మూడు దినాలు సెప్పితి. నాలుగో దినం సెప్తానే లేసి నిలబడె. అంతే. ఇంతవరకూ నేను పెంచి సెప్పింది ఆవగింజంత లేదు.

"పొద్దన్నే ఆవు ఎట్లన్నా లేస్తాది గదప్పా."

లేస్తాది ముద్దుకృష్ణా, లేస్తాది. నువ్వూ లేస్తావు. కానీ ఇది నేను సెప్పినాక లేసె. ఆ తేడా దాణా అమ్మేటోనికి తెలీదులే, ఆవును సాకినోనికి తెలుస్తాది.

ఇంగ నాకు ఇంగ్లీషు ఎవురు నేర్పినారని అడగరే? మూడో తరగతిలో బడి ఎగ్గొట్టి గొర్లెనక పోయినోణ్ణి, నాకేం తెలుస్తాది. మా కూతురు రేఖ హార్స్లీ హిల్స్ మింద హోటల్లో పని సేస్తాండాది గదా, వాళ్ళకు ఒక పుస్తకం ఇచ్చినారు, వచ్చిన గిరాకీలతో ఎట్ల మాట్లాడాలని. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు నేను పాలు పిండుతాంటే అది చదివి సెప్పేది. అప్పుడు తెలిసె నాకు ఇంగ్లీషు గుట్టు. మనమేమో అది ఏదో పెద్ద కొండ అనుకోని భయపడతాం. ఏం లేదప్పా. వాళ్ళవీ మన పనులే. లేసేది, కూసునేది, పెట్టేది, తీసేది, ఇచ్చేది, సూసేది, పరిగెత్తేది, పగిలేది. మహా అంటే పదిహేను మాటలు. అయితే ఒక్కొక్క మాటకు ఎనక ఒక తోక ఉంటాది. అప్పు, డౌను, ఇన్ను, అవుటు, ఆఫు. తోక మారిస్తే పని మారిపోతాది. అచ్చం మన పొట్టావు మాదిరి. ఒళ్ళు ఇంతే ఉంటాది, తోక నేలన జీరాడతా ఉంటాది. ఒంటిని సూసి బేరమాడినోడు మోసపోతాడు. తోకను సూడాల.

లుక్ అంటే సూసేది. అందరికీ తెలుసు. లుక్ ఆఫ్టర్ అంటే ఏమో సెప్పండి సూస్తాం. సాకేది. ఒకదాని ఎనకాల సూస్తా సూస్తా ఉండేదానికి సాకేది అని పేరు పెట్టినారు. నాకు భలే నచ్చె. ముప్పై ఏండ్లు నేను సేసిందేమి మరి, వాటి ఎనకాల సూస్తా నడిసేదే గదా. రన్ అంటే పరుగు, రన్ అవుట్ అంటే అయిపోయేది. మా వామిలో గడ్డి అట్లనే అయిపోయె, ఎవురో తరిమినట్ల. పుట్ అప్ విత్ అని ఒకటి ఉండాది, దానికి రెండు తోకలు, ఓర్చుకునేది అంట. ఒక పనికి రెండు తోకలు యాలమ్మా అని నేను రేఖను అడుగుతాంటే, మా ఇంటామె చిక్కమ్మ ఆడ కుడితి కలుపుతా, ఓర్చుకునేదానికి ఒకటి యాడ సాలుతాది అనె. ఆయమ్మ బడి గడప తొక్కింది లేదు.

గివ్ అంటే ఇచ్చేది. గివ్ అప్ అంటే ఇంగ నా వల్ల కాదని ఇడిసిపెట్టేది. ఇచ్చేదానికీ ఇడిసేదానికీ ఏం సమ్మంధమమ్మా అంటే, అది పుస్తకంలో రాయలేదు నాయనా అనె రేఖ. తెలుసుకోవాల్సింది అదొక్కటే. అదే రాయలే.

ఆ, మునిరాజా. రా అప్పా, కూసో. బండి యాడ నిలిపినావు, సౌండే రాలేదే. బయ్యమ్మక్కా, మునిరాజకు గూడా ఒక టీ, నా లెక్కలో. యాల మొగం అట్ల పెట్టుకోనుండావు? బొలెరో టైరు మళ్ళా పగిలిందా? సరేలే, మాట్లాడబుద్ధి కాకుంటే గమ్మున కూసోని విను. మా ఆవు ఇంగ్లీషు సంగతి సెప్తాండా.

యాడికొస్తిని? ఆ. వారం తిరక్క ముందే రాగమ్మకు నలభై మాటలు వచ్చె. కమాన్, గో ఆన్, సిట్ డౌన్, టర్న్ రౌండ్, అన్నీ. ఒకనాడు మాపటేళ కొట్టంలోకి తోల్తా, గెట్ ఇన్ అనాల్సింది నేను గెట్ ఆన్ అంటిని. రాగమ్మ గడప కాడ నిలబడిపోయె. తల అడ్డం తిప్పె. మళ్ళా గెట్ ఆన్ అంటిని. మళ్ళా తిప్పె. పుస్తకం తెచ్చి సూస్తే ఏముండాది? ఆన్ అనేది బస్సుకంట, ఇన్ అనేది కొట్టానికంట. నేను సరిగ్గా సెప్పేదాకా కాలు ఎత్తలేదప్పా అది. పంతులమ్మ మాదిరి నిలబడి ఉండాది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి ప్రమీల మేకలు గోడ మింద మూతులు పెట్టి విని అవీ నేర్చుకొనె. టేక్ ఆఫ్ అని నేను రాగమ్మకు పాఠం సెప్తాంటే, ప్రమీల మేకలు పదకొండూ ఒక్క తూరి గాల్లోకి లేసి, రేకుల ఇంటి మింద దిగె. విమానం మాదిరి. ప్రమీల వచ్చి నన్ను తిట్టిన తిట్లు తెలుగులో ఉండబట్టి వాటికి అర్థం కాలే. బైరెడ్డిపల్లె సంతలో తెచ్చిన పొట్టేలు ఒకటుండాది ప్రమీలకు, దానికి మాత్రం ఏం సెప్పినా ఎక్కలేదు. దానికి పక్కనుండే తమిళోళ్ళ గాలి తగిలింది, ఇంగ్లీషులో సెప్తే కదల్దు, వా, పో అని తమిళంలో అంటేనే కదిలేది.

"ఆపప్పా సామీ, టీ పొరబోతాది నాకు."

తాగు ముద్దుకృష్ణా, నిమ్మళంగా తాగు. ఇంగా హార్స్లీ హిల్స్ దాకా పోలేదు మనం. రేఖ అనె, నాయనా, రాగమ్మ పోయే ముందర ఒకసారి సూడాలని ఉండాది, హోటలోళ్ళు రజా ఇయ్యరు, పైకి తోలుకోని రాగలవా అని. మదనపల్లె మీదుగా తోలుకోని పోతి. మలుపులు తెలుసు గదా ఆ ఘాటు రోడ్డులో. మూడో మలుపు కాడ పైనుంచి ఒక కారు వస్తాండాది, లోపల తెల్ల దొర, దొరసాని, బ్రేకులు పోయినాయి. దొర స్టీరింగు మింద పడి ఏడుస్తాండాడు. రాగమ్మ ముందుకు అడుగేసి, రోడ్డు నడిమిన నిలబడి, నోరు తెరిసి, పుల్ ఓవర్ అనె.

"ఆవు అనిందా?"

అనింది బయ్యమ్మక్కా. నేను అన్నానని ఎవురన్నా అంటే ఒప్పుకోను, నా గొంతు నాకు తెలీదా. కారు బుద్ధిగా పక్కకు వచ్చి నిలబడె. బ్రేకు లేని కారు. మాట గౌరవం అట్లుంటాది. దొరసాని దిగి రాగమ్మ కాలు మొక్కె. దొర నాకు సెయ్యిచ్చి ఏదో పొడుగ్గా సెప్పె, నేను తోకలన్నీ ఏరుకోని మాట ఏరుకోలేకపోతి గానీ, రాగమ్మ తలూపె. అంటే మంచి మాటే అయింటాది.

రేఖ వచ్చి దాని మెడ పట్టుకొనె. హోటల్ బట్టల్లోనే. అరగంట పట్టుకోనుండె. పోతాండావా రాగమ్మా అని ఇంగ్లీషులో అడుగు పిల్లా అంటే, పో నాయనా అనేసి లోపలికి ఎళ్ళిపోయె. సరే, ఆ పిల్లకు పనుంటాది.

అయినా అది ఒక లెక్కా. కుప్పం టేసన్లో జరిగింది మీరు వినలే. మా చిన్నాయన కొడుకు పెండ్లికి కుప్పం పోతిమి, రాగమ్మను ఇంట్లో ఇడిసి పోతే బెంగ పెట్టుకుంటాదని ఎంట తోలకపోతి. వచ్చేటప్పుడు టేసన్లో నిలబడుండాం. ఒక ఎక్స్‌ప్రెస్సు వస్తాండాది, కుప్పంలో నిలిచేది కాదు, బాణం మాదిరి పోయేది. నేను సుమ్నే, ఆటకు, రాగమ్మ చెవులో హోల్డ్ ఆన్ అంటిని. అది తలెత్తి రైలు తట్టు సూసి ఒక్క అరుపు అరిసె, హోల్డ్ ఆన్ అని. రైలు నిలబడె. రైలేనా? టేసన్ గడియారం నిలబడె. టీ అమ్మేటోడు పైనుంచి పోస్తాండే టీ, సగం గాల్లో నిలబడె, తాడు మాదిరి. పోర్టరు ఆవలించిన నోరు అట్లనే ఉండె. తమిళోళ్ళు, కన్నడమోళ్ళు, మనోళ్ళు, అందరూ ఎట్లున్నోళ్ళు అట్లనే. పొద్దు గూడా కొండ మింద అట్లనే నిలబడిపోయె. కదిలేటోళ్ళం మేమిద్దరమే, నేనూ రాగమ్మ. పలాటపారం మింద ఆ తట్టు నుంచి ఈ తట్టుకు తిరిగితిమి. దానికి అరటిపండు పెడితి. ఎంతసేపు తిరిగితిమో తెలీదు, గడియారం నిలిచిపోయింది గదా.

"మళ్ళా ఎట్ల కదిలె?"

గో ఆన్ అంటిని బయ్యమ్మక్కా. రైల్లో ఒక పసిబిడ్డ పాలకు నోరు తెరిసి అట్లనే ఉండిపోయె, సూడలేకపోతి. అనకుండా ఉండాల్సింది. అట్లనే నిలిపేసి వచ్చేసింటే ఈ పొద్దు ఈ పొద్దు అయ్యేది కాదు.

మునిరాజా, టీ సల్లారిపోతాండాది సూడప్పా. తాగు. యాల నన్నే సూస్తాండావు? నా మూతికేమన్నా అంటిందా?

ఇంగ అసలైంది సెప్తా. దీన్ని నమ్మనోళ్ళు లేసి పోవచ్చు. మా బోరు కత మీకందరికీ తెలుసు. మొదటిది ఆరొందల అడుగులు, రెండోది ఎనిమిదొందలు, మూడోది వెయ్యిన్ని ఇరవై. మట్టి వచ్చె, పొగ వచ్చె, చుక్క రాలే. పోయిన మంగళవారం నేను పోయి ఆ మూడో బోరు పైపు కాడ కూసుంటి. రాగమ్మ నా పక్కన నిలబడె. నాకు ఏం తోచిందో, ఆ పైపులోకి మూతి పెట్టి కమ్ అప్ అంటిని. ఏం లేదు. రాగమ్మ నన్ను పక్కకు తోసి, తన మూతి పెట్టె. కమ్ అప్ అనె. అడుగున యాడో, పాతాళంలో, ఏదో పొర్లినట్లు సప్పుడాయె. వస్తాండాది, వస్తాండాది, నా అరికాళ్ళకు తెలుస్తాండాది. బుస్సుమని లేసె నీళ్ళు, తాటిచెట్టంత. మడంతా తడిసె. ఎండిపోయిన టమాట కట్టెలు అప్పటికప్పుడు చిగుర్లేసె. కసువు మోకాలు లోతు లేసె. రాగమ్మ నడుమ్మట్టు పచ్చిగడ్డిలో నిలబడి తింటాండాది, నేను గట్టు మింద కూసోని సూస్తాండా. మీరు సూడాల ఆ తినేది. ఆరు నెల్లు ఎండు సొప్ప నమిలిన నోరు గదా.

"అంత నీళ్ళొచ్చింటే ఆవును యాల అమ్మేది రెడ్డెప్పా?"

బయ్యమ్మక్కా, నీకు అన్నిటికీ తొందర. సెప్తాండా గదా. అవి ఇంగ్లీషు నీళ్ళక్కా. ఇంగ్లీషులో పిలిస్తే వచ్చిన నీళ్ళు. మన మట్టికి పట్టలే. మళ్ళా పొద్దుకు పోయి సూస్తే గో డౌన్ అయిపోయినాయి. గడ్డీ పోయె. మడి ఎప్పట్లాగే ఉండాది, మీరు పోయి సూసుకోవచ్చు, ఒక పచ్చిపోచ గూడా ఉండదు, అదే సాచ్చి.

అయినా నాకేం దిగులు లేదు. నిజంగా లేదు. ఎందుకంటే రాగమ్మ ఇప్పుడు యాడికి పోయినా బతుకుతాది. ఆడుండే పిల్లోల్లు కమాన్ అంటే పోతాది, సిట్ డౌన్ అంటే కూసుంటాది, ఏదన్నా కావాలంటే నోరు తెరిసి అడుగుతాది. సారుతో ఫోన్లో మాట్లాడింది గూడా. అవునప్పా. నా సెల్లు దాని చెవు కాడ పెడితి, అది అరగంట మాట్లాడె. పొద్దన్నే కుడితి కావాల, మెడతాడు గట్టిగా కట్టకూడదు, ఉరిమితే నాకు బయ్యం, ఆపొద్దు ఎవురన్నా పక్కన ఉండాల అని షరతులన్నీ అదే పెట్టుకొనె. సారు ఎస్ ఎస్ అనె. ఇంగ నేను పెట్టిన షరతు ఒకటుండాది. ఎవురికీ సెప్పలేదు, మీకు సెప్తా. ఆకరి పాఠంగా దాని చెవులో ఒక మాట వేసినా. నేను వచ్చి, నా నోటితో, గెట్ ఇన్ అనేదాకా అది ఏ బండీ ఎక్కదు. పది మంది తోసినా ఎక్కదు. క్రేను తెచ్చినా ఎక్కదు. గౌర్నమెంటు వచ్చినా ఎక్కదు. తలుగు నా చేతిలో, మాట నా నోట్లో. నేను ఈడ ఉండాను. మూడైతే ఏమి, నాలుగైతే ఏమి, బెంగుళూరోళ్ళు సాయంత్రం దాకా సూసి, ఇదేం ఆవప్పా అని లేసి పోతారు. పోయినాక నేను ఇంటికి పోతా. పోయి...

"మామా, ఇంగ సాలు."

ఏమి మునిరాజా? నోరు తెరిసినావు ఇప్పటికి.

"నేను ఆవును ఎక్కించే వస్తాండా మామా."

యా ఆవును?

"రాగమ్మనే. వాళ్ళు రెండు గంటలకే వచ్చేసిరి. వాళ్ళ పెద్ద బండి మీ సందులోకి పట్టదని బైపాస్ కాడ నిలిపి, నన్ను రమ్మన్యారు."

తలుగు... తలుగు ఎవురు విప్పింది? నేను ఈడ ఉంటే ఎవురు విప్పుతారు? నాకు సెప్పు.

"అత్త విప్పింది. ఆయమ్మ పుట్టింటోళ్ళు రామసముద్రం నుంచి పంపిన ఆవు బిడ్డ గదా మామా అది, ఆయమ్మ చెయ్యి సాలదా? నువ్వొచ్చేదాకా ఉందామని నేనంటిని. రాడులే మునిరాజా, రాలేడు, ఆయప్పను పిలవొద్దు అనె."

ఎక్కిందా? బండి ఎక్కిందా అది? నేను లేకుండా ఎక్కదప్పా. ఎక్కుండదు.

"నువ్వు ఇంగ్లీషు నేర్పినావని అత్త ఆ సారుకు సెప్పె. ఆయనకు శానా సంతోషమాయె. ఆయన కూతురు, ఏడెనిమిదేండ్ల బిడ్డ, రాగమ్మ ముందర నిలబడి గెట్ ఇన్, గెట్ ఇన్, కమాన్ అని ఎంత ముద్దుగా పిలిచిందో మామా. రాగమ్మ ఆ బిడ్డ తట్టు సూడనే లేదు. దానికి ఒక్క మాట గూడా రాదు మామా. వీధి తట్టు సూస్తా నిలబడిపోయె. నువ్వు వస్తావనేమో. పావుగంట తోసితిమి. కదల్లే. అప్పుడు అత్త కొంగు నడుముకు సుట్టుకోని తనే బండెక్కె. పైనుంచి రా తల్లీ అనె. ఒక్క తూరే. ఎక్కేసె."

బయ్యమ్మక్కా, ఈ గలాసు తీసుకో.

"బైపాస్ దాకా అత్త దాని పక్కనే నిలబడి వచ్చె. ఈ టీ అంగడి ముందర పోనియ్యొద్దు, ఆయప్ప సూడకూడదు, ఎనక దోవన పో అనె. ఆడ పెద్ద బండికి మార్చేటప్పుడు గూడా అంతే, ఆయమ్మ ముందర ఎక్కి పిలిస్తేనే ఎక్కె. అత్త దిగినాక తలుపేసిరి. రాగమ్మ లోపల్నుంచి అరస్తాండె మామా. బండి కనపడనంత దూరం పోయినాక గూడా నాకు వినపడతానే ఉండె."

ముద్దుకృష్ణా, నువ్వు తల దించుకోవాల్సిన పని లేదప్పా. నగేటప్పుడు నగితిమి. బయ్యమ్మక్కా, ఆ స్టవ్వు రొంత తగ్గించు, ఏం వినపడ్డం లేదు నాకు.

మునిరాజా. ఆయమ్మ యాడుండాది ఇప్పుడు? ఇంట్లో దింపినావా?

"లేదు మామా. ఆడనే, బైపాస్ పక్కన రాయి మింద కూసోనుండాది. బండెక్కు అత్తా, ఇంటికి పోదాం అంటే లేయలే. ఎండలో ఉండాది. నేను పిలిస్తే రాదు. నువ్వొచ్చి పిలువు మామా."

పదప్పా. పోదాం. బండి తియ్.

ఆగు. రొంత ఆగు. ముప్పై ఏండ్లు మునిరాజా, ముప్పై ఏండ్లలో ఆయమ్మను నేను ఒక్క తూరి గూడా పిలిచింది లేదు. అన్నానికి ఆయమ్మే నన్ను పిలిచేది, మడికాడికి వచ్చి ఆయమ్మే పిలిచేది. నేను ముందర పోతాంటి, ఆయమ్మ ఎనక వస్తాండె. పేరు పెట్టి పిలవలేదు, ఏమే అని గూడా పిలవలేదు. ఇప్పుడు ఆడికి పోయి, ఆ రాయి కాడ నిలబడి, ఏ మాట అనేది నేను?

బయ్యమ్మక్కా, నువ్వన్నా సెప్పు. ఏమని పిలిస్తే వస్తాది?